ఎమ్మిగనూరు బయల్లో పన్నెండు మేకులు

ఎండ చూడ్డానికి కర్నూలు జిల్లా వెళ్తున్నానని చెబితే మా అమ్మ పడీపడీ నవ్వింది. "తెనాల్లో ఎండ లేదటే?" అంది. ఉంది తల్లీ, బోలెడుంది. కానీ మా సారు పటం మీద ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టింది తెనాలిలో కాదు, ఆదోని పక్కన.

నేను హైదరాబాదులో ఒక ఆఫీసులో ఇంజినీరుని. ఎండ తగిలితే కరెంటు పుట్టే నీలం పలకలు మాకు కొన్ని వచ్చాయి. వాటిని వరసలుగా నిలబెట్టి, పుట్టిన కరెంటును బ్యాటరీల్లో దాచకుండా నేరుగా ఊరి కరెంటు తీగలోకి పంపే చిన్న కేంద్రం ఒకటి కట్టి చూడాలని మా సారు పట్టుదల. సారు మూడు చోట్లు గుర్తుపెట్టాడు: ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద. మూడింట్లో ఒకటి ఎంచి, పలకలు ఎంత వాలుగా పెట్టాలో, వరసకూ వరసకూ ఎంత ఎడం ఉంచాలో గీసి తీసుకురమ్మని నన్ను పంపాడు.

అప్పటిదాకా నేను ఇతరుల గీతలకు సిరా దిద్దిన మనిషిని. ఇదే మొదటిసారి నా సొంత గీత. కాగితం మీద చెప్పినంత కరెంటు రాకపోతే పలకల్ని పీకి వేరే రాష్ట్రానికి ఇచ్చేస్తారు, నన్ను మళ్లీ టైపు మిషను పక్క బల్లకు తోసేస్తారు. ఆ సంగతి సారు నోటితో అనలేదు గానీ ముఖంతో చెప్పాడు.

కావాలని డిసెంబరులోనే వెళ్లాను. చలికాలంలో పొద్దు వాలుగా తిరుగుతుంది, నీడలు సాగుతాయి. ముందు వరస నీడ వెనక వరస మీద పడకూడదు. ఒక్క పలక మీద నీడ పడినా దానితో కలిపి కట్టిన వరసంతా నీరసపడుతుంది. అందుకే నీడ ఎక్కువగా ఉండే నెలలో వెళ్లి చూస్తే మోసం ఉండదని నా తెలివి. ఆ తెలివి ఎంతవరకు పనికొచ్చిందో మీరే చూస్తారు.

ఆదోని: అద్దం మీద దూది

ఆదోని బస్టాండులో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. ఎదురు హోటల్లో ఉగ్గాని, బజ్జీ పెట్టారు. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ వాటిని నీళ్లలో తడిపి పిండి, తిరగమోత వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీలు పెట్టి పెద్దమనుషులకు టిఫినుగా పెడతారు. రూపాయిన్నర. మొదటి బజ్జీ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రెండోది ఏడుస్తూనే తిన్నాను. మూడోది నేనే అడిగి పెట్టించుకున్నాను.

లాడ్జీలో మాత్రం చుక్కెదురైంది. "ఒంటి ఆడమనిసికి రూము ఇయ్యమమ్మా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు గల్లా మీద ఆయన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీ ఎత్తుకుని బయటికి రాబోతుంటే ఆయనే వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, ఎదురుగా ఉన్న అద్దాల దుకాణం చూపించాడు. "ఖాజా సాబు ఇంట్లో ఉండు తల్లీ. వాళ్ల కూతురు పెండ్లయి పోయింది, పైన అర్ర ఖాళీగా ఉండాది. నేను సెప్తా" అన్నాడు. కోపం తెచ్చుకున్నది ఇప్పుడెలా వెనక్కి తీసుకోవాలో తెలియక ఊరికే తలూపాను.

ఖాజా సాబు కిటికీలకు అద్దాలు కోసి, పటాలకు చట్రాలు కట్టే మనిషి. నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు. ఆయన భార్య మెహరున్నీసా బేగం నన్ను నిలబెట్టి మూడు ప్రశ్నలు వేసింది.

"తిన్నావా?"

"తిన్నానండీ."

"పెండ్లయిందా?"

"ఇంకా లేదు."

"ఏం పని చేస్తావ్?"

"ఎండ కొలుస్తాను."

ఆమె భర్త వైపు తిరిగి, "అందుకే కాలేదు" అని తేల్చేసింది. రాత్రికి జొన్న రొట్టెలు, దాల్చా పెట్టింది. రొట్టె విరిచే పద్ధతి రాక నేను దాన్ని అప్పడంలా పటపట విరుస్తుంటే చేతిలోంచి లాక్కుని తనే తుంచి ఇచ్చింది.

సారు గుర్తుపెట్టిన మొదటి చోటు సబ్‌స్టేషను పక్కనే ఉంది. తీగ దగ్గర, నేల చదును. ఇంకేం కావాలి? ఖాజా సాబుకు గొప్పగా చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఆడ పత్తి జిన్నింగు మిల్లులు ఉండాయి కదా బేటీ. నీ పలకల మీద అద్దం ఉంటాదా?"

"ఉంటుంది."

"అయితే ఒక పని సెయ్."

కిటికీ అద్దం ముక్కొకటి చేతికిచ్చి, దాన్ని సాయంత్రం ఆ చోట పెట్టి పొద్దున తెచ్చుకోమన్నాడు. అలాగే చేశాను. రాత్రి మంచు కురిసింది, మిల్లుల దూది పింజలు గాలికి వచ్చి ఆ తడి మీద కూచున్నాయి. పొద్దున చూస్తే అద్దానికి ముసలాయన గడ్డం మొలిచినట్టుంది. ఎండ కొలిచే మీటరు మీద దాన్ని అడ్డం పెట్టి చూశాను. ముల్లు సిగ్గుపడి కిందికి దిగింది.

"మా ఊర్లో అద్దాలు అమ్మేది తక్కువ, తుడిచేది ఎక్కువ" అన్నాడు ఖాజా సాబు. మూడు చోట్లలో ఒకటి అలా పోయింది. దూది ఇంత దూరం ఎగురుతుందని హైదరాబాదులో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఎమ్మిగనూరు: మిట్ట మధ్యాహ్నం

రెండో చోటు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఊరి చివర విశాలమైన బయలు. చదునుగా, చాప పరిచినట్టు ఉంది. గడ్డి కూడా లేదు, రాయి కూడా లేదు. నాలుగడుగుల దూరంలో కరెంటు స్తంభాలు. సర్కారు పోరంబోకు నేల, కాబట్టి ఎవర్నీ బతిమాలే పని లేదు. పన్నెండు గంటలకు మీటరు పెడితే ముల్లు అంచుదాకా పోయింది. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు.

సబ్‌స్టేషను నుంచి తోడొచ్చిన లైన్‌మన్ ఆ ఊరికి బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి. "ఇది ఎవరిదన్నా?" అని అడిగితే, "ఎవురిదీ కాదు మేడమ్. ఎప్పుడు సూసినా ఖాళీనే" అన్నాడు. ఆయన డ్యూటీ పదింటికి మొదలవుతుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన పన్నెండు ఇనప మేకులు, చెయ్యంత పొడుగువి, సంచీలోంచి తీశాను. పలకలు దక్షిణానికి చూడాలి కాబట్టి వరసలు తూర్పు పడమరలుగా పోతాయి. ఆరు వరసలకు అటొకటి ఇటొకటి మేకు. టేపు పట్టుకుని అంగుళం తేడా రాకుండా కొలిచి, లైన్‌మన్ చేత సుత్తితో దిగ్గొట్టించాను. ఆఖరి మేకు దిగాక వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాను. నా మనసులో అప్పటికే నీలం వరసలు నిలబడి మెరుస్తున్నాయి.

హొళగుంద: కరెంటుంటేనే కరెంటు

మూడో చోటు చూడాల్సిన అవసరం లేదనిపించింది. అయినా చూడకపోతే సారు ఊరుకోడు. మర్నాడు హొళగుంద పోయాను. కర్ణాటక సరిహద్దు. బస్సులో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు. చాలామంది ఒకే మాటను సగం అలా సగం ఇలా మాట్లాడేస్తారు.

చేను గట్టు మీద మీటరు పెట్టె తెరిచేసరికి చుట్టూ జనం మూగారు. ఈరన్న అనే రైతు తలపాగా సర్దుకుంటూ పెట్టెలోకి తొంగి చూశాడు.

"బంగార సిక్తా?"

"ఏంటండీ?"

"బంగారం దొరికిందా అంటాండా. జొన్నగిరి పక్క ఇట్లనే పెట్టెలు పట్టుకోని తిరుగుతారంట కదా."

బంగారం కాదు, ఎండ కొలుస్తున్నానంటే ఎవరూ నమ్మలేదు. ఎండను కొలవడానికి పెట్టె ఎందుకు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే తెలియదా అని వాళ్ల వాదన. నేను పలకల సంగతంతా ఓపిగ్గా చెప్పాను. ఈరన్న చాలా శ్రద్ధగా విన్నాడు.

"మా తీగలో కరెంటు రోజుకు ఐదారు గంటలే వస్తాదమ్మా. తీగలో కరెంటు లేనప్పుడు నీ పలకలు ఇస్తాయా?"

తీగకు కలిపే పలకలు తీగ బతికున్నప్పుడే పనిచేస్తాయి. తీగలో కరెంటు పోతే ఇవీ ఆగిపోవాల్సిందే, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. అదే చెప్పాను.

ఈరన్న పక్కవాళ్లకు కన్నడంలో చెప్పాడు. గట్టంతా నవ్వులే నవ్వులు. "అంటే కరెంటు ఉంటేనే కరెంటు ఇస్తాది! అట్లాంటిది మాకెందుకు తల్లీ? కరెంటు ఉండే ఊర్లోనే పెట్టుకో పో" అన్నాడు. సారు ముందు నెల రోజులు వాదించినా ఇంత బాగా చెప్పలేకపోయేదాన్ని. వేడి సజ్జ రొట్టె, శనక్కాయల చట్నీ పెట్టి మరీ నన్ను సాగనంపారు.

ఇక మిగిలింది ఎమ్మిగనూరు బయలే. రాత్రి ఆదోనిలో ఖాజా సాబు ఇంట కూచుని పటం సిరాతో గీసేశాను. పెన్సిలుతో కాదు, సిరాతో.

మళ్లీ ఎమ్మిగనూరు: పొద్దున్నే

పదింటికి ఎమ్మిగనూరు నుంచి కర్నూలు బస్సు. అంతకుముందు మేకులు ఒకసారి సరిచూసుకుందామని ఆదోనిలో మొదటి బస్సెక్కాను. బయలు దగ్గరికి వచ్చి చూద్దును కదా!

బయలంతా జనం. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నూలు బారులు తీరి ఉంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీర పొడుగునా పోయే దారాల్ని, ఇలా బయట సాగదీసి కట్టి గంజి పట్టిస్తారు. ఇద్దరిద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ వెళ్తున్నారు. ఆడవాళ్లు తెగిన పోగులు ముడేస్తున్నారు. గంజి వాసన, మాటలు, నవ్వులు. ఆరు పడుగులు. ఆ ఆరు పడుగులూ కట్టి ఉన్నవి నా పన్నెండు మేకులకే.

అరవయ్యేళ్ల మనిషొకాయన కుంచె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. నుదుట విబూది, మోచేతుల దాకా గంజి.

"ఎవురమ్మా నువ్వు? యాడ నుంచి వచ్చినావు?"

"హైదరాబాదు నుంచండీ. ఆ మేకులు నేనే కొట్టించాను."

అంతే! ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ఒరేయ్, ఈయమ్మేనంట్రా! మేకులు కొట్టిచ్చింది ఈ తల్లేనంట!" అని కేకేశాడు. కుంచెలు ఆగిపోయాయి. అందరూ నా చుట్టూ చేరారు.

ఆయన పేరు రుద్రప్ప. సంగతేమిటంటే, పడుగు కట్టే కొయ్య గుంజల్ని పాతి వదిలేస్తే చెదలు తింటున్నాయని, రోజూ పాతి పీకలేకపోతున్నామని, ఇనప గుంజలు ఇప్పించమని వాళ్లు ఏండ్ల తరబడి అర్జీలు పెడుతున్నారు. నిన్న పొద్దున వచ్చి చూస్తే పన్నెండు ఇనప మేకులు, రెండేసి ఎదురెదురుగా, గట్టిగా దిగ్గొట్టి ఉన్నాయి. అర్జీ పండిందనుకున్నారు.

"ఏం కొలతమ్మా అది! తాడు పట్టి గీసినట్టుండాయి. ఇంత సక్కంగా పడుగు మా తాతల నాడు గూడా నిలబల్లేదు" అన్నాడు రుద్రప్ప. ఆయన భార్య శంకరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా ఇంట్లో తిని పోవల్ల. తినకుండా పోతే నామీద ఒట్టే."

అక్కడే చెప్పేయాల్సింది. "అమ్మా, ఇవి మీ కోసం కాదు, మిమ్మల్ని ఇక్కడి నుంచి లేపేయడానికి" అని. నోరు రాలేదు. నవ్వాను. నవ్వి ఆమె వెంట నడిచాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రుద్రప్ప ఇంట్లో

చిన్న ఇల్లు, సగం మగ్గమే. నేలలో గుంట తవ్వి అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. కిటికీ ఒకటే. శంకరమ్మ వేడి వేడి జొన్న రొట్టె, గుత్తి వంకాయ, ఇంత వెన్న పెట్టింది. రుద్రప్ప కొత్త తువ్వాలొకటి తెచ్చి నా భుజాల మీద కప్పాడు. ఎర్ర అంచు, ఆయనే నేసింది.

సగం రొట్టె కంచంలోనే వదిలేశాను. తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టాను.

"అన్నా, నేను మీకు అబద్ధం చెప్పాను. చెప్పలేదు గానీ, నిజం చెప్పకపోవడమూ అదే" అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఎండ, పలకలు, ఆరు వరసలు, సిరాతో గీసిన పటం. మధ్యాహ్నం వచ్చి చూసి ఖాళీ అనుకున్న సంగతీ చెప్పాను. "పటం పైకి పోతే ఆ బయలు చుట్టూ కంచె పడుతుంది" అన్నాను.

శంకరమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"కంచె పడితే మేం యాడికి పోవల్ల?" అంది చివరికి. "వీధుల్లో బస్సులు తిరుగుతాండాయి. ఇంగ పడుగు సాపేదానికి ఆ బయలు తప్ప సోటు లేదు తల్లీ. పడుగు లేకపోతే మగ్గం లేదు. ఈ వీధిలో నలభై మగ్గాలు."

రుద్రప్ప తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకు ఆనుకుని కూచుని, "ఇంతకీ దానికి ఏం కావల్ల? సరిగా సెప్పు" అన్నాడు.

లెక్క చూపిద్దామని నా క్యాలిక్యులేటరు తీశాను. మా అన్నయ్య బొంబాయి నుంచి తెచ్చింది. బ్యాటరీ ఉండదు, వెలుతురుతోనే నడుస్తుంది. మీట నొక్కాను. చీకటి ఇంట్లో అది కన్ను తెరవలేదు. లేచి గుమ్మం దగ్గరికి పోయి వెలుతురులో పెట్టాను. అంకెలు మేలుకున్నాయి.

రుద్రప్ప కూడా లేచి వచ్చాడు. "ఓహో, ఇదీ ఎండకే నడుస్తాదా?"

"అదే అన్నా. నా పలకలూ ఇలాంటివే, కాకపోతే తలుపంత ఉంటాయి."

ఆయన గంజి బొటనవేలు తెచ్చి ఆ చిన్న గాజు మీద పెట్టాడు. అంకెలు మాయం. వేలు తీశాడు, మళ్లీ నొక్కమన్నాడు. అంకెలు వచ్చాయి. మళ్లీ పెట్టాడు. మాయం. మూడోసారి పెట్టి, వేలు తీయకుండా నా ముఖం చూశాడు.

"నీడ పడితే సచ్చిపోతాదే ఇది!"

"అవునన్నా. కొంచెం పడినా కష్టమే."

ఆయన ముందు చిన్నగా నవ్వాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. ఆఖరికి గుమ్మానికి ఆనుకుని కడుపు పట్టుకున్నాడు. శంకరమ్మకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

"మరి మా బయలుకు ఎట్ల వచ్చినావమ్మా, ఇంజినీరమ్మా! ఎండ తగలగూడదనే కదా మేం ఆడికి పోయేది! ఎండ తగిలితే గంజి పెళుసు బారి పోగులు పటపటా తెగుతాయి. తూర్పు పక్క గుట్ట ఉండాది, సూడలేదా? దాని నీడ ఈ కాలంలో తొమ్మిది దాకా బయలు మీదనే పండుకోని ఉంటాది. ఆ నీడ కోసరమే మా తాతలు ఆ సోటు పట్టుకున్నారు."

గడియారం చూసుకున్నాను. ఎనిమిదిన్నర. వీధి మొదట్లోకి పరిగెత్తి బయలు వైపు చూశాను. ఊరి ఇళ్ల కప్పుల మీద ఎండ తెల్లగా కాస్తోంది. బయలు మాత్రం ఇంకా చల్లగా, నీలంగా, నీడలో ఉంది. నేను వచ్చినప్పుడు ఇంకా పొద్దెక్కలేదనుకున్నాను. అయ్యో రామా! నీడ చూడ్డానికని పనిగట్టుకుని డిసెంబరులో వచ్చి, మిట్ట మధ్యాహ్నం నిలబడి కొలిచి, గుట్టంత గుట్టను వదిలేశాను. నా పలకల నీడ గురించి తప్ప ఇంకెవరి నీడ గురించీ ఆలోచించలేదు.

గుట్టకు దక్షిణం పక్క

"నీకు ముదురు ఎండ కావల్నంటే నేను సూపిస్తా రా" అని రుద్రప్ప ముందు నడిచాడు. గుట్ట చుట్టూ తిరిగి దక్షిణం పక్కకు తీసుకుపోయాడు. పలుగురాళ్ల వాలు. అప్పటికే కాళ్లు చురుక్కుమంటున్నాయి.

"ఒకసారి బయల్లో వాన నీళ్లు నిలిచినాయని ఈడ పడుగు కట్టినాం. ఒక్క పూటకే పడుగంతా అప్పడమైపోయింది. మా దిక్కు ఎవురినన్నా అడుగు, ఈ వాలంటే దండం పెడతారు. పొద్దు పుట్టినకాడ నుంచి మునిగేదాకా ఈడ నీడనేది లేదు."

మీటరు తీసి పెట్టాను. ముల్లు కులాసాగా పైకి పోయింది. అప్పుడు నేల వైపు చూశాను. వాలు దక్షిణానికే దిగుతోంది! నేలే వాలి ఉంటే వెనక వరస తనంతట తాను ఎత్తులో ఉంటుంది, ముందు వరస నీడ దాని కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. వరసల్ని దగ్గర దగ్గరగా పెట్టొచ్చు. అవే పలకలు తక్కువ చోటులో సరిపోతాయి.

కానీ తీగ దూరం. బయలు దగ్గరయితే ఒక్క స్తంభం, ఇక్కడికి పదకొండు. దూరం పోయేకొద్దీ తీగలోనే కొంత కరెంటు వేడెక్కి పోతుంది. ఖర్చూ పెరుగుతుంది. సారు మొదట అడిగేది అదే.

రాయి మీద కూచుని లెక్క మొదలుపెట్టాను. ఒక పక్క పొద్దున పూట గుట్ట నీడలో పోయే కరెంటు, ఒక పక్క పదకొండు స్తంభాల తీగలో పోయే కరెంటు. ఎండలో క్యాలిక్యులేటరు పరుగులు తీస్తోంది. రుద్రప్ప ఎదురుగా గొంతుక్కూచుని నా వేళ్లనే చూస్తున్నాడు. కాసేపటికి శంకరమ్మ, ఆమె వెనక ఆ వీధి వాళ్లు పదిమంది దాకా వచ్చి నిలబడ్డారు.

లెక్క ఒకసారి చేశాను. నమ్మకం చాలక రెండోసారి చేశాను. ఏడాది మొత్తం మీద చూస్తే వాలుదే పైచేయి. పెద్ద తేడా ఏం కాదు, కొద్దిగానే. కానీ పైచేయే.

"ఇక్కడే ఎక్కువ వస్తుంది" అన్నాను.

శంకరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రుద్రప్ప అడిగాడు: "నిజంగానా, మా కోసరం సెప్తాండావా?"

"నిజంగానే అన్నా. లెక్కే చెబుతోంది."

అది నిజమే. లెక్క అటు తిరిగి ఉంటే ఏం రాసేదాన్నో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ కొద్దిపాటి తేడాకు ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ గుట్టకే పెట్టాను.

పదింటి బస్సు ఎప్పుడో పోయింది. పర్వాలేదని శంకరమ్మ మళ్లీ అన్నం పెట్టింది, ఈసారి పూర్తిగా తిన్నాను. తువ్వాలు మళ్లీ కప్పారు, ఈసారి తీయలేదు. సిరాతో గీసిన పటం నాలుగు ముక్కలు చేసి వాళ్ల పొయ్యిలోనే వేశాను.

మేకులు పీకి సంచీలో వేసుకుందామని లేచాను. చోటు మారింది కదా, ఆఫీసు సొత్తు వెనక్కి ఇవ్వాలి. బయలు దగ్గరికి వెళ్తే పడుగులు ఎండ రాకముందే ఎత్తేశారు, రేపటి కోసం తాళ్లు మాత్రం మేకులకే ఉంచారు; రుద్రప్ప ఆ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి ముడి విప్పుతున్న ఆయన చేతుల వైపు చూసి, "ఉండనీ అన్నా" అన్నాను.

ఇంటికొచ్చాక

పదకొండు స్తంభాలు విని సారు అంతెత్తు లేచాడు. గుట్ట నీడ లెక్క ముందు పెట్టాను. అరగంట తల పట్టుకుని చూసి, "ఈ గుట్ట సంగతి మొదటి రోజే ఎందుకు తెలియలేదు?" అన్నాడు. "మధ్యాహ్నం వెళ్లాను సార్" అన్నాను. ఇంకేమీ అనకుండా సంతకం పెట్టాడు. పలకలు వాలుకే వెళ్తున్నాయి, టైపు మిషను పక్క బల్ల మీద వేరే ఎవరో కూచున్నారు.

అమ్మ తువ్వాలు చూసి ముచ్చటపడి దాచేసుకుంది. ఎండ దొరికిందా అని అడిగింది. దొరికిందమ్మా, వద్దనుకునే వాళ్ల దగ్గర దొరికింది అన్నాను.

మా స్టోర్సు ఆయన మాత్రం వదల్లేదు. పన్నెండు మేకులు పట్టుకెళ్లావు, పన్నెండూ ఏవి అని కారిడార్లో కనిపించినప్పుడల్లా అడుగుతాడు. రేపు మాపు అంటూ తప్పించుకు తిరుగుతుంటే నిన్న ఎమ్మిగనూరు నుంచి కార్డు వచ్చింది. రుద్రప్ప చెబుతుంటే ఎవరో రాసినట్టున్నారు.

"ఇంజినీరమ్మకు దండాలు. ఇక్కడ అందరం క్షేమం. మేకులు బాగా పనిచేస్తాండాయి. మూడో వరసలో తూర్పు పక్కది ఎద్దులబండి తగిలి వంగింది. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చేది."

కార్డు పట్టుకుని తిన్నగా స్టోర్సుకు వెళ్లాను. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది, తెచ్చాననుకున్నాడు పాపం.

"ఇంకొకటి కావాలండీ" అన్నాను.